పాత ఫిల్మ్ కెమెరాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

అటక మీంచి దించిన కెమెరా చూపించి "ఇది ఇంకా పనిచేస్తుందా?" అనేవాళ్లు, మొదటి రీలు ఖాళీగా వచ్చిందని దిగాలుపడేవాళ్లు, ఫంగస్ పట్టిన లెన్సు తీసుకోవచ్చా అనేవాళ్లు. సందేహాలు ఎప్పుడూ ఇవే. అందుకే జవాబులన్నీ ఒకచోట పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి వెళ్లిపోండి.

## కొనే ముందు

ఫోనులోనే ఇంత మంచి ఫోటోలు వస్తుంటే రీలు కెమెరా ఎందుకు?

ఫోటో బాగా రావడమే ముఖ్యమైతే అక్కర్లేదు. చీకట్లో కూర్చున్నవాళ్లను, పరిగెత్తే పిల్లల్ని ఫోను తీసినంత తేలిగ్గా 1970ల నాటి కెమెరా తీయలేదు. ఇది పనిముట్టు మీది ఇష్టంతో పెట్టుకునే వ్యాపకం. లివర్ లాగితే లోపల గేర్లు కదలడం చేతికి తెలుస్తుంది. రింగు తిప్పుతుంటే మసకగా ఉన్న ముఖం తేటపడుతుంది. తీసింది ఎలా వచ్చిందో రీలు కడిగేదాకా తెలియదు. ఇవి నచ్చేవాళ్లకు బాగా నచ్చుతాయి, నచ్చనివాళ్లకు విసుగు. మీరు ఏ రకమో ఒక్క రీలుతో తెలిసిపోతుంది. ముందు ఎవరి దగ్గరైనా కెమెరా అడిగి తెచ్చుకుని ఒక రీలు తీసి చూడండి.

ఖర్చు ఎంతవుతుంది?

36 ఫోటోల కలర్ రీలు, దాన్ని కడిగించడం, స్కాన్ చేయించడం కలిపితే ఇప్పుడు ఒక్కో క్లిక్కుకు రమారమి 40–50 రూపాయలు పడుతోంది. ధరలు తరచూ మారుతుంటాయి కాబట్టి ఇది అంచనా మాత్రమే. బ్లాక్ అండ్ వైట్ తీసి ఇంట్లోనే కడుక్కుంటే బాగా కలిసొస్తుంది. ఇంకో దారి హాఫ్ ఫ్రేమ్ కెమెరా. అది మామూలు ఫ్రేములో సగమే వాడుతుంది కాబట్టి 36 రీలులో 72 ఫోటోలు వస్తాయి. 1959లో మొదలైన ఒలింపస్ పెన్ వరస ఇలాంటిదే. 2024లో వచ్చిన పెంటాక్స్ 17 కూడా ఈ రకమే, కాకపోతే అది కొత్త కెమెరా, కొత్త ధర.

మొదటి కెమెరాగా ఏది తీసుకోవాలి?

నన్నడిగితే పూర్తి మెకానికల్ ఎస్ఎల్ఆర్, అంటే ఫోటో తీసే లెన్సులోంచే చూస్తూ తీసే కెమెరా. పెంటాక్స్ కె1000 దీనికి మంచి ఉదాహరణ. 1976 నుంచి 1997 దాకా తయారైంది, బ్యాటరీ కేవలం వెలుగు కొలిచే మీటరుకే, బ్యాటరీ లేకున్నా అన్ని షట్టర్ స్పీడ్లూ పనిచేస్తాయి. నికాన్ ఎఫ్ఎం10, ఎఫ్ఎం2, యాషికా ఎఫ్ఎక్స్-3 కూడా ఇదే కోవలోవి. ఎఫ్ఎక్స్-3కి పైన అతికించిన తోలు పొలుసుల్లా రాలిపోతుంది. చూడ్డానికి బాగోదు గానీ ఫోటోకు నష్టమేమీ లేదు.

1976లో వచ్చిన కానన్ ఏఈ-1 పేరు మీద మోజు ఎక్కువ. మంచి కెమెరానే, కానీ అందులో ఎలక్ట్రానిక్స్ ఉంది. 6 వోల్టుల బ్యాటరీ లేకపోతే షట్టరే పడదు, లోపలి సర్క్యూట్ పోతే బాగుచేసేవాళ్లు దొరకడం కష్టం. ఒకప్పుడు మన దేశంలో బాగా అమ్ముడైన సోవియట్ జెనిట్ బరువుగా, మొరటుగా ఉంటుంది. మంచి స్థితిలో చవగ్గా దొరికితే మాత్రం నేర్చుకోవడానికి అంతకంటే ఏం కావాలి.

యాషికా ఎంఎఫ్-2, కొడాక్ కేబీ10 లాంటివి పనికిరావా?

ఎందుకు పనికిరావు? తొంభైల్లో మన ఇళ్లలో పుట్టినరోజులు, తిరుపతి ప్రయాణాలు తీసినవి అవే. ఫోకస్ పెట్టే పని లేదు, ఎండలో బాగానే వస్తాయి. మీ చేతిలో నేర్చుకోవడానికి ఏమీ ఉండదన్నదే వాటితో ఇబ్బంది. ఇంట్లో ఉంటే తప్పకుండా వాడండి, డబ్బు పెట్టి కొనేట్టయితే ఇంకో నాలుగు రాళ్లు వేసి ఎస్ఎల్ఆర్ తీసుకోండి.

ఇంట్లో అగ్ఫా క్లిక్-3 ఉంది. దానికి ఇంకా ఫిల్ము దొరుకుతుందా?

నిక్షేపంగా దొరుకుతుంది. ఇది వాడే 120 ఫిల్ము 1901 నుంచి ఉంది, ఇప్పటికీ కొడాక్, ఇల్ఫర్డ్, ఫోమా తయారుచేస్తున్నాయి. ఈ కెమెరాను బరోడాలో న్యూ ఇండియా ఇండస్ట్రీస్ తయారుచేసేది. బ్యాటరీ లేదు, మీటరు లేదు, చెడిపోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక రీలుకు 12 చదరపు ఫోటోలు వస్తాయి.

వెనక మూత తీసి చూస్తే పాత రీలు తాలూకు ఖాళీ స్పూల్ ఒకటి లోపల ఉండాలి. కొత్త ఫిల్ము దాని మీదికే చుట్టుకుంటుంది. అది లేకపోతే కెమెరా బాగున్నా ఫిల్ము ఎక్కించలేరు, కాబట్టి ల్యాబులో అడిగి ఒకటి తెచ్చుకోండి, పారేసే వస్తువే కనక ఊరికే ఇస్తారు. మూత మీది చిన్న ఎర్ర కిటికీలోంచి కాగితం మీద అచ్చువేసిన అంకెలు కనిపిస్తుంటాయి. 1 కనిపించేదాకా తిప్పి ఆపండి, ఫోటో తీయగానే 2 వచ్చేదాకా తిప్పండి. తర్వాత తిప్పుదాంలే అనుకుంటే మర్చిపోయి ఒకే ఫ్రేము మీద రెండు ఫోటోలు పడతాయి. నేటి ఫిల్ములకు ఎరుపు కాంతి కూడా తగులుతుంది, అందుకే తిప్పేటప్పుడు తప్ప ఆ కిటికీ మీద నల్ల టేపు ముక్క ఉంచండి. ఎండ ఉన్న రోజు ఐఎస్ఓ (ఫిల్ము వెలుగును ఎంత త్వరగా పడుతుందో చెప్పే అంకె) 100 లేదా 200 ఫిల్ముతో, కదలకుండా పట్టుకుని తీస్తే ఈ డబ్బా ఇచ్చే ఫోటో చూసి ఆశ్చర్యపోతారు.

నా కెమెరాకు ఏ సైజు ఫిల్మో ఎలా తెలుసుకోవాలి?

రెండు పక్కలా పళ్లరంధ్రాలున్న చిన్న డబ్బా రీలైతే 35 ఎంఎం, దాన్నే 135 అని కూడా అంటారు. 1934లో కొడాక్ తెచ్చిన డబ్బా ఇది. కాగితంతో కలిపి స్పూల్‌కు చుట్టిన వెడల్పాటి ఫిల్మయితే 120. కెమెరా మీద 620 అని ఉంటే ఫిల్ము 120దే, స్పూల్ మాత్రం సన్నం, కాబట్టి చీకట్లో మార్చి చుట్టుకోవాలి. 110 ఇప్పటికీ లోమోగ్రఫీ తయారుచేస్తోంది. 126, ఏపీఎస్ కెమెరాలు కొనకండి, వాటి ఫిల్ము తయారీ ఆగిపోయింది.

సెకండ్ హ్యాండ్ కెమెరాలో ఏమేం చూసుకోవాలి?

చేతిలోకి తీసుకోగానే ముందు బ్యాటరీ మూత తెరవండి. లోపల ఆకుపచ్చ లేదా తెల్లటి పొడి ఉంటే పాత బ్యాటరీ కారిందన్నమాట. పైపైన ఉంటే వెనిగర్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిస్తే పోతుంది. తీగ లోపలిదాకా పాకితే కష్టం.

తర్వాత వెనక మూత తెరిచి, ఫిల్ము లేకుండానే ఒక్కో స్పీడులో షట్టర్ కొట్టి చూడండి. 1 సెకను అంటే చెవికి సెకను వినిపించాలి. మెల్లటి స్పీడ్లలో కర్రు కర్రుమంటూ మధ్యలో ఆగిపోతే లోపల గ్రీజు గట్టిపడింది. గుడ్డ షట్టర్ అయితే లెన్సు తీసి, వెనక నుంచి టార్చి వేసి సూది బెజ్జాలేమైనా ఉన్నాయేమో చూడండి. షట్టర్ రేకుల మీద వేలు మాత్రం పెట్టకండి.

లెన్సును బల్బు వెలుగుకు ఎదురుగా పట్టుకుని ఎపర్చర్ (వెలుగు లోపలికి వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి లోపలికి చూడండి. దుమ్ము చుక్కలు పర్వాలేదు. సాలెగూడులా పాకిన సన్నటి దారాలుంటే ఫంగస్. లెన్సు అంచుల్లో ఇంద్రధనుస్సు రంగు మరకలు కనిపిస్తే అద్దాలను అతికించిన జిగురు వీడిపోతోందని. ఎపర్చర్ రేకుల మీద నూనె మెరుపు ఉంటే అవి మొరాయిస్తాయి.

చివరగా ఫోకస్ రింగు, వైండింగ్ లివర్ కదిపి చూడండి. సెల్ఫ్ టైమర్ గురించి ఒక మాట: పాత కెమెరాల్లో చాలాసార్లు అదే ముందు బిగుసుకుపోతుంది, మధ్యలో ఆగిందంటే షట్టర్ కూడా ఆగిపోవచ్చు. కొననంతవరకు దాన్ని కదపకపోవడమే మర్యాద.

లెన్సులో ఫంగస్ ఉంది, ధర తగ్గిస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

అంచున ఒకటి రెండు పోగులుంటే ఫోటోలో తేడా కనిపించదు. మధ్యలో పాకితే ఎండకు ఎదురుగా తీసినప్పుడు ఫోటో అంతా పాలు పోసినట్టు తెల్లబారుతుంది. ఫంగస్ నుంచి వచ్చే ఆమ్లం కోటింగును తినేస్తుంది, అంతవరకు వచ్చాక శుభ్రం చేసినా మచ్చ మిగులుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంత ఊళ్ల నుంచి వచ్చే కెమెరాల్లో ఇది మరీ ఎక్కువ. బాడీ కోసం కొంటున్నారా, లెన్సు కోసమా తేల్చుకోండి. లెన్సు కోసమైతే వదిలేయండి.

ఎక్కడ దొరుకుతాయి?

ముందు సొంత చుట్టాల్లో అడగండి. మేనమామ గల్ఫ్ నుంచి తెచ్చిన యాషికానో, బాబాయి అమెరికా నుంచి తెచ్చిన మినోల్టానో ఏదో ఒక బీరువాలో తప్పక ఉంటుంది. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంతలో అప్పుడప్పుడు కనిపిస్తాయి గానీ పదింటిలో తొమ్మిది షోకేసుకే పనికొస్తాయి. ఢిల్లీ వెళ్తే చాందినీ చౌక్‌లోని కూచా చౌధరి మార్కెట్ కెమెరా షాపులకు పెట్టింది పేరు. ఆన్‌లైన్‌లో "టెస్ట్ చేయలేదు" అని రాసి ఉంటే పనిచేయదనే అర్థం చేసుకోండి. విదేశాల నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం కలిపి లెక్క వేసుకోండి.

స్టూడియోలో నల్లగుడ్డ కప్పుకుని తీసే చెక్క కెమెరా దొరికింది. ఫోటో తీయగలమా?

తీయగలం, ఓపికుంటే. దక్షిణాదిలో స్టూడియోల్లో కనిపించే చెక్క కెమెరాల్లో కొన్ని కేరళలోని అలప్పుజలో తయారైన వాగీశ్వరివి. ముందు చూడాల్సింది బెలోస్, అంటే లెన్సుకూ వెనక చట్రానికీ మధ్య ఉండే మడతల సంచీ. చీకటి గదిలో దాని లోపల టార్చి వేసి పట్టుకుని మడతల మూలల్లో వెలుగు చుక్కలు కనిపిస్తాయేమో వెతకండి. చిన్న రంధ్రాలైతే నల్ల ఫ్యాబ్రిక్ పెయింటు రాస్తే మూసుకుంటాయి. రెండోది, ఫిల్ము పెట్టే చెక్క చట్రాలు కెమెరాతో పాటు వచ్చాయా లేదా. అవి విడిగా దొరకవు, ఒకదానిది ఇంకోదానికి సరిపోదు.

ఫిల్ము ఖరీదు చూసి భయపడనక్కర్లేదు. బ్లాక్ అండ్ వైట్ ప్రింటింగ్ పేపరును చట్రం సైజుకు కత్తిరించి ఫిల్ము బదులు పెట్టొచ్చు. దాని ఐఎస్ఓ 6 దగ్గర ఉంటుంది కాబట్టి లెన్సు మూత తీసి మనసులో అంకెలు లెక్కపెట్టి మళ్లీ మూసేంత తీరిక ఉంటుంది. ఎర్ర బల్బు వెలుగులో ట్రేలో ముంచితే బొమ్మ మీ కళ్ల ముందే పైకి తేలుతుంది, నలుపు తెలుపు తిరగబడి. దాన్ని ఫోనులో ఫోటో తీసి తిరగేసుకుంటే సరి.

## కెమెరా చేతికొచ్చాక

నా కెమెరాకు మెర్క్యురీ బ్యాటరీ కావాలట. ఎక్కడా లేదు, ఏం చేయాలి?

పర్యావరణ కారణాలతో ఆ బ్యాటరీలు ఆపేశారు, వెతికి లాభం లేదు. పీఎక్స్625 స్థానంలో వినికిడి యంత్రాల్లో వాడే 675 జింక్-ఎయిర్ బ్యాటరీ సరిపోతుంది. పాతది 1.35 వోల్టులు, ఇది 1.4, కాబట్టి మీటరు దాదాపు సరిగ్గానే చూపిస్తుంది. మందుల షాపులోనో, వినికిడి యంత్రాలమ్మే చోటో దొరుకుతుంది. గాలి తగిలాక కొన్ని వారాలే బతుకుతుంది, చవకే కాబట్టి బాధ లేదు. సైజు చిన్నది, చుట్టూ ఒక రబ్బరు వాషరు పెడితే గట్టిగా కూర్చుంటుంది. 1.5 వోల్టుల ఆల్కలైన్ వేస్తే చాలా కెమెరాల్లో మీటరు తప్పు చెబుతుంది.

యాషికా ఎలక్ట్రో 35కి కూడా ఇదే సమస్యా?

దాని అసలు బ్యాటరీ 5.6 వోల్టులది. ఎడాప్టరులో 6 వోల్టుల 4ఎల్ఆర్44 పెడితే చక్కగా నడుస్తుంది. బ్యాటరీ లేకుంటే షట్టర్ 1/500 ఒక్క స్పీడులోనే పడుతుంది, కాబట్టి "టక్కుమంటోంది, పనిచేస్తోంది" అన్న అమ్మకందారు మాట నమ్మకండి. బ్యాటరీ వేసి నీడ వైపు తిప్పితే పసుపు దీపం, ఎపర్చర్ పెద్దది పెట్టి ఎండ వైపు తిప్పితే ఎర్ర దీపం వెలగాలి. లివర్ లాగుతున్నప్పుడు లోపల "టంగ్" మని ఒక చిన్న శబ్దం రావాలి. రాకపోతే లోపలి రబ్బరు ప్యాడ్ కరిగిపోయింది, అది మార్చాలంటే కెమెరా విప్పాలి.

మీటరుకు బ్యాటరీయే లేదు, సూది మాత్రం కదులుతోంది. ఇదేంటి?

అది సెలీనియం మీటరు, వెలుగుతోనే నడుస్తుంది. లెన్సు చుట్టూ తేనెపట్టులా కనిపించేది అదే. ఒలింపస్ ట్రిప్ 35లో దీన్ని పరీక్షించడం తేలిక: 'ఏ'లో పెట్టి లెన్సును అరచేత్తో మూసి బటన్ నొక్కితే వ్యూఫైండరులో ఎర్ర జెండా పైకి లేవాలి, షట్టర్ పడకూడదు. వెలుగు వైపు తిప్పితే పడాలి.

వెనక మూత తీస్తే నల్లటి జిగురు చేతికంటుతోంది. కెమెరా పాడైందా?

లేదు. అది వెలుతురు లోపలికి రాకుండా పెట్టిన ఫోమ్. ముప్పై నలభై ఏళ్లకు అది కరిగి తారులా అవుతుంది. మూత గాడుల్లో, గొళ్లెం వైపు, ఎస్ఎల్ఆర్ అయితే అద్దం పైన కూడా ఉంటుంది. వెదురు పుల్ల, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో కొంచెం కొంచెంగా గీకి తీయండి. ముక్కలు షట్టర్ మీద పడకుండా కెమెరాను బోర్లా పట్టుకోండి. చోటును బట్టి పలచటి ఫోమ్ షీటు లేదా నల్ల ఉన్ని దారం అతికించండి. చేతులకు పట్టుకుంటే వదలదు, పాత చొక్కా వేసుకుని కూర్చోండి. మార్చకుండా ఎండలో తిరిగితే ఫోటోల మీద ఎర్రటి చారలు ఖాయం.

రిపేరు ఎవరు చేస్తారు?

ఊరికి ఒకరిద్దరు పెద్దవాళ్లు మిగిలారు. హైదరాబాద్‌లోనైతే కోఠి వైపు కెమెరా షాపుల్లో వాకబు చేయండి. ఏం చెడిందో మీరే తేల్చకుండా లక్షణం చెప్పండి: "1/30 కంటే మెల్లటి స్పీడ్లలో తెరుచుకుని ఉండిపోతోంది" అని. ఇంట్లో డబ్ల్యూడీ-40 లాంటి నూనెలు కొట్టడం మాత్రం వద్దు. రెండు రోజులు బాగా తిరుగుతుంది, ఆ తర్వాత ఆ నూనె రేకుల మీదికి పాకుతుంది.

## మొదటి రీలు

ఏ ఫిల్ముతో మొదలుపెట్టాలి?

పగలు బయట తీయడానికి కొడాక్ గోల్డ్ 200 లేదా కలర్‌ప్లస్ 200. బ్లాక్ అండ్ వైట్ అయితే ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్, 400 కాబట్టి నీడల్లోనూ నడుస్తుంది, తప్పులు బాగా ఓర్చుకుంటుంది. ఖర్చు తగ్గాలంటే కెంట్‌మియర్, ఫోమాపాన్. స్లైడ్ ఫిల్ము (నెగెటివ్ కాకుండా నేరుగా అసలు రంగుల్లో బొమ్మ వచ్చేది) జోలికి ఇప్పుడే పోకండి, ఎక్స్‌పోజర్, అంటే ఫిల్ముకు తగిలే వెలుగు, కొద్దిగా తప్పినా ఫోటో పోతుంది. మన దేశంలోనూ ఒకప్పుడు ఫిల్ము తయారయ్యేది. ఊటీలో 1960లో పెట్టిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి 'ఇందు' బ్లాక్ అండ్ వైట్ పెట్టెలు పాత స్టూడియోల్లో ఇంకా కనిపిస్తాయి.

రీలు సరిగ్గా ఎక్కిందో లేదో ఎలా తెలుస్తుంది?

ఎడమవైపు రివైండ్ నాబ్ చూడండి. మూత వేశాక ఆ నాబ్‌ను మెల్లగా తిప్పి ఫిల్మును బిగువు చేయండి. ఇప్పుడు లివర్ లాగినప్పుడల్లా నాబ్ వెనక్కి తిరగాలి. తిరగకపోతే ఫిల్ము కదలడం లేదు, కౌంటర్‌లో అంకెలు మారుతున్నా సరే. 36 దాటి 40 కూడా వచ్చిందంటే సంబరపడకండి, అది రీలు ఎక్కలేదనడానికి గుర్తు.

ఫోటోలు అయిపోయాక లివర్ బిగుస్తుంది. బలవంతంగా లాగితే ఫిల్ము తెగుతుంది. కెమెరా అడుగున ఉన్న చిన్న బటన్ నొక్కి, నాబ్ పిడి ఎత్తి బాణం వైపు తిప్పండి. చివర్లో బిగువు వదిలి తేలిగ్గా తిరిగాకే మూత తెరవాలి.

మీటరు పనిచేయడం లేదు. ఎక్స్‌పోజర్ ఎలా?

మిట్ట ఎండలో ఎపర్చర్ ఎఫ్16, షట్టర్ స్పీడు ఐఎస్ఓకు దగ్గరది. అంటే 200 ఫిల్ముకు 1/250. పలచటి మబ్బయితే ఎఫ్11, ఆకాశమంతా మబ్బు పడితే ఎఫ్8, చెట్టు నీడలో మనుషులైతే ఎఫ్5.6 లేదా ఎఫ్4. మన ఎండకు ఇది బాగా నప్పుతుంది. నడినెత్తిన సూర్యుడుంటే కళ్ల కింద నల్లటి నీడలు పడతాయి, మనుషుల్ని తీసేటప్పుడు వాళ్లను వసారాలోకి పిలిచి మూడు స్టాపులు తెరవండి (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు, ఇక్కడ ఎఫ్5.6). నెగెటివ్ ఫిల్ముకు వెలుగు కాస్త ఎక్కువైనా పర్వాలేదు, తక్కువైతేనే నష్టం. ఫోనులో లైట్ మీటర్ యాప్‌లు కూడా పనికొస్తాయి.

గడువు తీరిన ఫిల్ము చవగ్గా ఇస్తున్నారు. కొనొచ్చా?

ఫ్రిజ్‌లో ఉంచిందైతే కొనండి. కలర్ నెగెటివ్‌కు పదేళ్లకు ఒక స్టాపు చొప్పున వెలుగు ఎక్కువ ఇవ్వడం వాడుకలో ఉన్న లెక్క. మన వేసవుల్లో షాపు అలమరాలో ఉన్న రీలుకు ఏ లెక్కా పనిచేయదు. పెళ్లికి, ప్రయాణానికి వాడకండి.

సినిమా ఫిల్మును చిన్న డబ్బాల్లో చుట్టి అమ్ముతున్నారు. తీసుకోవచ్చా?

కొడాక్ విజన్3 రంగులు చాలా బాగుంటాయి. 250డీ పగటి వెలుగుకు, 500టీ బల్బు వెలుగుకు. కానీ ఈ ఫిల్ముల్లో పాత స్టాకు వెనక రెమ్‌జెట్ అనే నల్లటి పొర ఉంటుంది. దాన్ని మామూలు కలర్ ల్యాబు మెషిన్‌లో వేస్తే ఆ మసి రసాయనాల్లో కలిసి, మీ తర్వాత వచ్చినవాళ్ల రీళ్లూ పాడవుతాయి. ల్యాబుకు ఇచ్చేటప్పుడు తప్పకుండా చెప్పండి. డబ్బా మీద కూడా రాయండి.

అమెరికా నుంచి చుట్టాలు ఫిల్ము తెస్తున్నారు. ఎయిర్‌పోర్ట్ ఎక్స్-రేతో ప్రమాదమా?

చెక్-ఇన్ సామానులో ఎప్పుడూ వేయొద్దు, అక్కడి యంత్రాలు ఫిల్మును మసకబారుస్తాయి. చేతిసంచీలో పెట్టుకున్నా కొత్త సీటీ స్కానర్ల గుండా పోనివ్వకూడదు. పారదర్శకమైన సంచీలో రీళ్లు వేసుకుని చేత్తో తనిఖీ చేయమని మర్యాదగా అడగాలి. అమెరికాలో సాధారణంగా ఒప్పుకుంటారు. మన దగ్గర అది ఆ సమయంలో ఉన్న అధికారి ఇష్టం. పాతరకం ఎక్స్-రే మెషిన్ అయితే 400 లోపు ఫిల్ములు ఒకటి రెండుసార్లు వెళ్లినా టెన్షన్ పడక్కర్లేదు.

రీలు మధ్యలో పొరపాటున మూత తెరిచాను. అన్నీ పోయినట్టేనా?

వెంటనే మూసేస్తే అన్నీ పోవు. బయటికి కనిపించిన ముక్క, చుట్టలో పైనున్న కొన్ని ఫ్రేములు పోతాయి. డబ్బాలో ఉన్న మిగతా ఫిల్ముకు ఏమీ కాదు. రెండు మూడు ఖాళీ క్లిక్కులు కొట్టి కొనసాగించండి.

## కడగడం, స్కాన్ చేయడం

మా ఊళ్లో కలర్ ల్యాబులన్నీ మూతపడ్డాయి. రీలు ఎక్కడ కడిగిస్తారు?

పెద్ద నగరాల్లో కొన్ని ల్యాబులు కొరియర్‌లో రీళ్లు తీసుకుని, కడిగి, స్కాన్లు ఈమెయిల్ చేస్తాయి. పంపేముందు మూడు అడగండి: కలర్ రసాయనం ఎన్నాళ్లకు మారుస్తారు, స్కాన్ ఎన్ని పిక్సెళ్లు, నెగెటివ్ వెనక్కి పంపుతారా. మూడోదానికి "లేదు" అంటే అక్కడ ఇవ్వకండి.

బ్లాక్ అండ్ వైట్ ఇంట్లో కడగడానికి డార్క్‌రూమ్ కావాలా?

అక్కర్లేదు. చేతులు దూర్చే నల్లసంచీ ఒకటి, మూత ఉన్న డెవలపింగ్ ట్యాంకు ఒకటి చాలు. సంచీలో ఫిల్మును స్పైరల్‌కు (ఫిల్ము చుట్టుకునే గాళ్ల చక్రం) ఎక్కించి ట్యాంకు మూత బిగించాక మిగతా పనంతా వంటింటి గట్టు మీద, లైటు వేసుకునే చేయొచ్చు. కష్టమల్లా స్పైరల్‌కు ఎక్కించడమే. పనికిరాని రీలు ఒకటి తెచ్చుకుని ముందు కళ్లు తెరిచి, తర్వాత కళ్లు మూసుకుని సాధన చేయండి. చెమట చేతులతో సంచీలో కుస్తీ పడితే ఫిల్ము అంటుకుపోతుంది, ఏసీ గదిలోనో తెల్లవారుజామునో చేయండి.

హెచ్‌పీ5కు డీ-76 డెవలపర్‌ను సమానంగా నీళ్లు కలిపి వాడితే 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు. నిమిషానికోసారి ట్యాంకును నాలుగుసార్లు తలకిందులు చేయాలి. పారబోసి, నీళ్లతో కడిగి, ఫిక్సర్ (బొమ్మను నిలబెట్టే రసాయనం) 5 నిమిషాలు. ఆ తర్వాత నీళ్లు మార్చి మార్చి కడగడం. చివరగా ఒక చుక్క వెట్టింగ్ ఏజెంట్ కలిపిన ఫిల్టర్ నీళ్లలో ముంచి తీస్తే మరకలు పడవు. బోరు నీళ్లతో ముగిస్తే ఆరాక తెల్లటి సున్నం చుక్కలు కనిపిస్తాయి. బాత్రూములో వేడినీళ్లు కాసేపు వదిలి, ఆ ఆవిరికి దుమ్ము కిందకు దిగాక ఫిల్మును క్లిప్పుతో వేలాడదీయండి.

ఎండాకాలంలో కుళాయి నీళ్లే 32 డిగ్రీలుంటాయి. 20కి ఎలా తేవాలి?

రసాయనం సీసాలను ఐసు వేసిన బకెట్‌లో నిలబెట్టండి. ఐసు ముక్క డెవలపర్‌లోనే వేస్తే అది పలచబడుతుంది. 24 డిగ్రీల దగ్గర ఆపినా నడుస్తుంది, సమయం సుమారు మూడింట ఒక వంతు తగ్గించాలి. అంతకు మించిన వేడిలో వద్దు. కడిగే నీళ్లు కూడా అదే వేడిలో ఉండేలా చూసుకోండి. చల్లటి డెవలపర్ నుంచి తీసి వేడి కుళాయి కింద పెడితే ఫిల్ము పైపొర మెత్తబడి గీతలు పడుతుంది. కలర్ నెగెటివ్ కడిగే సీ-41 పద్ధతికి తిరకాసు వేరు: డెవలపర్ 37.8 డిగ్రీల దగ్గర 3 నిమిషాల 15 సెకన్లు కచ్చితంగా ఉండాలి.

కడిగిస్తే రీలంతా ఖాళీగా వచ్చింది. ల్యాబు తప్పా, నాదా?

ఫిల్ము అంచులు చూడండి. అక్కడ ఫిల్ము పేరు, అంకెలు స్పష్టంగా ఉంటే కడగడం బాగానే జరిగింది, కెమెరాలో వెలుగు పడలేదన్నమాట. ఫిల్ము కదలకపోవడమో, షట్టర్ తెరుచుకోకపోవడమో, లెన్సు మూతో కారణం. అంచుల్లో కూడా ఏమీ లేకపోతే రసాయనాల్లో తేడా. ఫిల్మంతా నల్లగా వస్తే ఎక్కడో వెలుగు తగిలింది.

బీరువాలో తీసి కడిగించని పాత రీలు దొరికింది. ఏమైనా వస్తుందా?

బ్లాక్ అండ్ వైట్ అయితే దశాబ్దాల తర్వాత కూడా మసకగానైనా బొమ్మ వచ్చే అవకాశం ఎక్కువ. కలర్ రీలును కూడా కొందరు బ్లాక్ అండ్ వైట్ రసాయనంలోనే కడిగి బొమ్మ రాబడతారు. డబ్బా మీద కొడాక్రోమ్ (కొడాక్ పాత స్లైడ్ ఫిల్ము) అని ఉంటే రంగులు మర్చిపోండి. ఆ పద్ధతిలో కడిగే చివరి ల్యాబు, అమెరికాలో కాన్సస్‌లోనిది, 2010 డిసెంబరుతో రీళ్లు తీసుకోవడం ఆపేసింది.

అమ్మానాన్నల పెళ్లి నెగెటివ్‌లున్నాయి. ఇంట్లోనే డిజిటల్ చేయొచ్చా?

చేయొచ్చు. బాగా దగ్గర నుంచి తీసే మాక్రో లెన్సున్న డిజిటల్ కెమెరా, కింద తెల్లటి లైట్ ప్యాడ్, నెగెటివ్ వంగకుండా పట్టే చట్రం ఉంటే చాలు. కెమెరా సరిగ్గా పైనుంచి, సమాంతరంగా చూడాలి. ముందు బ్లోయరుతో దుమ్ము ఊదండి, గుడ్డతో తుడవకండి. ఆల్బంలోని ప్రింట్లు రంగు వెలిసి ఎర్రబడినా నెగెటివ్‌లో చాలావరకు రంగులు మిగిలే ఉంటాయి, కాబట్టి ప్రింటును కాక నెగెటివ్‌నే స్కాన్ చేయండి. ఒకదానికొకటి అంటుకుపోయి ఉంటే లాగొద్దు.

## దాచుకోవడం, అమ్మడం

వానాకాలంలో కెమెరా ఎలా దాచాలి?

తోలు కేసులోంచి తీసేయండి. తోలు తేమను పట్టి ఉంచుతుంది, ఫంగస్‌కు అదే ఇల్లు. గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బాలో, రంగు మారే సిలికా జెల్ వేసి, 200 రూపాయల తేమ మీటరు ఒకటి పెట్టండి. 40–50 శాతం మధ్య ఉంచితే బాగుంటుంది. మరీ ఎండిపోయినా జిగురు, గ్రీజు దెబ్బతింటాయి. ఖరీదైన లెన్సులు నాలుగైదు ఉంటే డ్రై క్యాబినెట్ కొనుక్కోవచ్చు. నెలకోసారి బయటికి తీసి అన్ని స్పీడ్లలో షట్టర్ కొట్టండి. వాడే కెమెరాకు ఫంగస్ తక్కువ, షట్టర్ బిగుసుకోవడమూ తక్కువ.

దాచేటప్పుడు బ్యాటరీ ఉంచాలా?

తీసేయండి. షట్టర్ కూడా కొట్టేసి పెట్టండి, లివర్ లాగి ఉంచొద్దు.

మా తాతగారి కెమెరా లక్షలు పలుకుతుందట. నిజమేనా?

దాదాపు ఎప్పుడూ కాదు. యాషికా, జెనిట్, క్లిక్-3 లాంటివి లక్షల్లో తయారయ్యాయి, వాటి విలువ పనిచేసే స్థితిని బట్టే. నిజంగా ధర పలికేవి లైకాలు, రోలీఫ్లెక్స్‌లు, కొన్ని నికాన్ రేంజ్‌ఫైండర్లు. లైకా అని రాసి ఉన్నా తొందరపడకండి. సోవియట్ ఫెడ్, జోర్కి కెమెరాలు పాత లైకాలకు నకళ్లుగానే పుట్టాయి, వాటి మీద పేరు గీకేసి లైకా అని చెక్కి, బంగారు పూత, నాజీ ముద్ర కూడా వేసి అమ్మే దందా చాలాకాలంగా ఉంది. లెన్సు తీసి లోపల చూడండి. లెన్సు కదలికను అందుకునే మీట కొస అసలు లైకాలో చిన్న గుండ్రటి చక్రంలా ఉంటుంది, జోర్కి, ఫెడ్‌లలో ఎక్కువగా నున్నటి వాలు ముక్కలా ఉంటుంది. అమ్మాలనుకుంటే సీరియల్ నంబరు, లెన్సు లోపలి ఫోటో, షట్టర్ పడుతున్న చిన్న వీడియో పెట్టండి, బేరం సగం అక్కడే తేలిపోతుంది.